ఆరు టిక్కీల చందా

ఆసుపత్రి కమిటీలో నా పని చందాలు వసూలు చెయ్యడం. ఐదేళ్ళు చేశాను. రసీదులు తప్ప నేను ఇంతకుముందు ఏమీ రాయలేదు. ఐదో తరగతి పరీక్షలైన మర్నాడే మా నాన్న నన్ను పొలానికి తీసుకుపోయాడు. అందుకని ఇందులో ముందు చెప్పాల్సింది వెనక రావచ్చు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

కమిటీలో చేరకముందు గుంటూరు మిరపకాయల యార్డులో హమాలీని. పన్నెండేళ్ళు టిక్కీలు మోశాను. టిక్కీ అంటే ఎండు మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. నలభై కిలోల పైనే ఉంటుంది. ఒకరోజు లారీ మీదికి వేసిన చెక్క మీద కాలు జారింది. నడుము పోయింది. ఇక బరువులు ఎత్తితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. మా టౌనుకి వచ్చేశాను. టౌనంటే పెద్దదేం కాదు. ప్రకాశం జిల్లా వైపు, చుట్టూ పత్తీ మిరపా వేసే ఊళ్ళు. అప్పట్లో అక్కడ కాన్పుల ఆసుపత్రి లేదు. నొప్పులు కష్టమైతే గుంటూరు దాకా పోవాల్సిందే.

ఊళ్ళన్నీ కలిసి చందాలతో ఒక కాన్పుల వార్డు కట్టుకుందామని కమిటీ వేశారు. దానికి కార్యదర్శి రిటైరైన లెక్కల మాస్టారు. రైతులతో మాట్లాడటం వచ్చినవాడు, యార్డు రేట్లు తెలిసినవాడు కావాలని నన్ను పెట్టుకున్నాడు. నెలకింత అని జీతం. ఇంట్లో నా భార్యా, ఇద్దరు పిల్లలూ ఆ జీతం మీదే బతికాం. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మా వైపు రైతులు చందా డబ్బుల్లో చెప్పరు. చేతిలో డబ్బు ఎప్పుడుంటుందో వాళ్ళకే తెలియదు. గుడికైనా బడికైనా పంట మీదే మాట ఇస్తారు. ఒకడు అర టిక్కీ అంటాడు, ఒకడు టిక్కీ అంటాడు, కాయలు అమ్ముకున్నాక ఇస్తారు. టిక్కీ అని మాట ఇచ్చినవాడు టిక్కీ తెచ్చిస్తే మాట తీరినట్టే. ఆ రోజు రేటు పెరిగి ఉంటే కమిటీ అదృష్టం, తగ్గి ఉంటే కమిటీ ఖర్మ. రైతుని ఇంకొక్క రూపాయి అడగరు. నా పుస్తకంలో కూడా అలాగే రాసుకునేవాణ్ణి. పేరు, ఎన్ని టిక్కీలు, ఎన్ని ఇచ్చాడు.

ఒక ఊళ్ళో బడి వరండాలో మీటింగు పెట్టాం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజులు. మాస్టారు లేచి చెప్పాడు. పదివేలు, ఆ పైన ఇచ్చినవాళ్ళు ఏ పేరు చెబితే ఆ పేరు వార్డు గుమ్మం పక్కన నల్లరాతి మీద చెక్కిస్తామన్నాడు.

"పదివేలా! చందా అడగతన్నారా, ఆ రాయి మమ్మల్నే కొనుక్కోమంటన్నారా మాస్టారూ?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

వెనక స్తంభానికి ఆనుకుని కూర్చున్న ఒకాయన నవ్వలేదు. నాకంటే పదేళ్ళు పెద్ద. సొంత పొలం లేదు, మూడెకరాలు కౌలుకి చేసేవాడు. నన్ను చూసి అడిగాడు.

"తమ్ముడూ, నువ్వు యార్డులో చేశావంటగా. పదివేలంటే ఎన్ని టిక్కీలు?"

పదిమందిలో నన్ను లెక్క అడిగిన మొదటి మనిషి ఆయన. నాకు ఛాతీ పొంగింది. "ఇయ్యాళ మేలుకాయ టిక్కీ పద్దెనిమిది వందలు పలికింది అన్నా. ఆరు టిక్కీలిస్తే పదివేలు దాటుద్ది" అన్నాను.

అది నిజమే. కానీ ఆ ధర ఒక్క మేలు లాటుకి, ఆ ఒక్కరోజు పలికిన ధర. పన్నెండేళ్ళు యార్డులో ఉన్నవాణ్ణి, ఆ మాట కూడా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

"అయితే ఆరు రాసుకో. ఏడాదికి రెండు చొప్పున మూడేళ్ళు."

"ఒరేయ్, ముందు కౌలు కట్టరా. టిక్కీల సంగతి తర్వాత!" అని పక్కనున్నవాడు ఎగతాళి చేశాడు.

"నీ నోట్లో కారం కొట్టా. కౌలు ఏ ఏడు ఎగ్గొట్టాన్రా నేను?" అన్నాడు ఆయన. అని మాస్టారు వైపు తిరిగాడు. "మా అమ్మాయి పేరు చెక్కించండయ్యా. నా పేరొద్దు."

ఎగతాళి చేసినవాడు తల దించుకున్నాడు. ఎందుకో అప్పటికి నాకు తెలియదు, తిరిగొచ్చేటప్పుడు మాస్టారు చెప్పాడు. ఆ ముందు వానాకాలంలో ఆయన కూతురు రెండో కాన్పుకి పుట్టింటికి వచ్చింది. నెత్తురు ఆగలేదు. ఆటోలో వేసుకుని గుంటూరు బయల్దేరారు. చిలకలూరిపేట దాటాక తండ్రి ఒళ్ళోనే పోయింది. బిడ్డా దక్కలేదు. మొదటి కాన్పులో పుట్టిన రెండేళ్ళ మనవరాలు ఈయన దగ్గరే ఉంటోంది.

ఆ ఎండాకాలంలోనే కమిటీకి కంప్యూటరు వచ్చింది. పొగాకు వ్యాపారి ఒకాయన ఇప్పించాడు. రైతులు ఎంత మాట ఇస్తే అంతకి అంత తనూ వేస్తానన్నాడు. అయితే లెక్క కాగితాల మీద కాదు, కంప్యూటర్లో చూపించాలన్నాడు. చందాల లెక్క కోసమే తయారుచేసిన ప్రోగ్రాము ఒకటి సీడీలో వచ్చింది. అంతా ఇంగ్లీషు. దాన్ని నడపడానికి డిప్లొమా చదివిన ఒక అమ్మాయిని పెట్టారు. మంచి పిల్ల. నన్ను బాబాయ్ అని పిలిచేది.

నేను నా పుస్తకం చూసి చదువుతుంటే తను ఎక్కించేది. ఆరు టిక్కీల ఆయన పేరు వచ్చింది.

"ప్లెడ్జ్ ఎంత బాబాయ్?"

"అంటే ఏందమ్మా?"

"ఆయన మాట ఇచ్చిన మొత్తం."

"ఆరు టిక్కీలు."

"ఇది టిక్కీలు తీసుకోదు బాబాయ్, రూపాయలే." అని నాకు చూపించడానికి ఇంగ్లీషులో టిక్కీ అని కొట్టింది. కంప్యూటరు కీక్ మంది. "చూశావా, ఎట్టా కసిరిందో. రూపాయల్లో చెప్పు."

"పద్దెనిమిది వందల లెక్కన వేసుకో."

"పదివేల ఎనిమిది వందలు. తేదీలు?"

"కాయలు అమ్మాక."

"అదేం తేదీ బాబాయ్!" అని నవ్వింది. "ఈ గడి ఖాళీగా ఉంటే ముందుకు పోదు. ఏప్రిల్ పదిహేను వేస్తున్నా. మూడు ఇన్‌స్టాల్‌మెంట్లు, ఒక్కోటి మూడువేల ఆరువందలు."

తను చెయ్యాల్సింది తను చేసింది. ఆ పిల్లకి టిక్కీ అంటే తెలియదు. నాకు తెలుసు. గడిలోకి ఏం ఎక్కిందో కూడా నాకు అర్థమైంది. ఆయన ఇచ్చిన మాట ఆరు టిక్కీలు. ఇప్పుడు అది పదివేల ఎనిమిది వందలైంది. రేట్లు అలాగే ఉంటాయిలే అనుకున్నాను. సాయంత్రం మాస్టారు అన్ని ఊళ్ళ మొత్తం చూసి చాలా సంతోషపడ్డాడు. అదే మొత్తం వ్యాపారికి చెప్పాడు. నా పుస్తకం బీరువాలో పెట్టేశారు.

మరుసటి ఏడాది ఆయన రెండు టిక్కీలు తెచ్చాడు. రంగు పోయిన తాలుకాయ ఒక్కటి లేకుండా ఏరి, తనే కుట్టుకుని తెచ్చాడు. "మంచిగా తూకం వేయించు తమ్ముడూ. మా అమ్మాయి పేరు మీద ఇచ్చేవి ఇయ్యి" అన్నాడు. యార్డుకి పంపించి అమ్మాం. రేటు పడిపోయింది. రెంటికీ కలిపి రెండువేల మూడువందలు వచ్చాయి. ఆ రెండో ఏడు ఇంకా పడిపోయింది, పద్నాలుగు వందలే. మూడో ఏడు పత్తిని శనగపచ్చ పురుగు తినేసింది. మందులు కొట్టి కొట్టి ఆయన చేతులు పగిలిపోయాయి. అప్పుల మీద అప్పులు. అయినా మిరపకాయలు రెండు టిక్కీలు పక్కన పెట్టి తెచ్చాడు. వాటికి పదహారు వందలు వచ్చాయి.

"అయిపోయినయ్ గదా తమ్ముడూ, ఆరూ?"

"అయిపోయినయ్ అన్నా."

"హమ్మయ్య" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఒక మాట నిలబెట్టుకున్నా."

కంప్యూటర్లో మాత్రం ఆయన పేరు పక్కన బాకీ ఎర్రగానే ఉంది. అమ్మాయి అడిగింది. "బాబాయ్, ఈయన మూడేళ్ళలో సగం కూడా కట్టలేదేంటి? ఇంకా ఐదువేల ఐదువందలు బాలెన్స్ చూపిస్తోంది."

అప్పుడే చెప్పాల్సింది. ఈయన బాకీ లేడమ్మా, ఆరూ ఇచ్చేశాడు, రూపాయల్లో చెప్పి తప్పు చేసింది నేను, అనాల్సింది. కానీ ఆయన ఒక్కడివి సరిచేస్తే టిక్కీల్లో మాట ఇచ్చిన అందరివీ సరిచెయ్యాలి. మొత్తం తగ్గిపోతుంది. వ్యాపారి డబ్బు తగ్గుతుంది. ఈ రేటు ఎవరు చెప్పారని మాస్టారు అడుగుతాడు. నాకు జీతం కనపడింది, పిల్లలు కనపడ్డారు.

"రైతు గదమ్మా. కడతాడులే" అన్నాను.

మిగతా ఊళ్ళల్లో టిక్కీల వాళ్ళకి కూడా ఇలాగే బాకీలు చూపించింది. వాళ్ళు చెప్పినవి ఒకటీ రెండూ. రాతి మీద పేరు పట్టింపు లేనివాళ్ళు. తర్వాత కమిటీ ఉత్తరాలు పంపితే పొయ్యిలో పెట్టి, నన్ను చూసి నాలుగు తిట్లు తిట్టి ఊరుకున్నారు. పేరు కోసం చూస్తున్నది ఈయన ఒక్కడే.

వార్డు కట్టడం పూర్తికావస్తుండగా రాయి చెక్కించే పని మొదలైంది. పూర్తిగా కట్టినవాళ్ళ పేర్లే చెక్కాలని మాస్టారు చెప్పాడు. బాకీ ఉన్నవాళ్ళకి కంప్యూటరే ఉత్తరాలు కొట్టింది. ఈ నెలాఖరులోగా కట్టకపోతే పేరు రాదని అందులో ఉంది. వాటిని తీసుకెళ్ళి ఇవ్వాల్సింది నేను.

మిగతావన్నీ రెండు రోజుల్లో ఇచ్చేశాను. ఆయనది ఇవ్వలేదు. సంచిలో పెట్టుకుని తిరిగాను. ఆయనకి చదువు రాదు. ఇస్తే చదివిపెట్టమని నన్నే అడుగుతాడు. రేపు పోదాం, రేపు పోదాం అనుకుంటూ పదకొండు రోజులు గడిపాను. నెలాఖరుకి మూడు రోజులుందనగా పోయాను.

మధ్యాహ్నం పూట ఆయన ఇంటి ముందు మనవరాలు గేదె దగ్గర కూర్చుని ఉంది. ఆయన మంచం వేశాడు. మజ్జిగ ఇప్పించాడు. నేను అనుకున్నట్టే ఉత్తరం నాకే తిరిగిచ్చాడు.

"చదువు తమ్ముడూ. రాయి ఎప్పుడు పెడతారంట?"

చదివాను. పదివేల ఎనిమిది వందలకు గాను ఐదువేల మూడువందలు ముట్టినవని, మిగతా ఐదువేల ఐదువందలు వెంటనే కట్టవలెనని.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆరు టిక్కీలే గదా నేను చెప్పింది?"

"అవునన్నా."

"ఆరూ ఇచ్చానా?"

"ఇచ్చావు."

"మరైతే తూకంలో తగ్గినయ్యా? నేనే కుట్టాను తమ్ముడూ. తేమ కూడా లేదు. ఎట్టా తగ్గినయ్యబ్బా?"

ఆయన తప్పు తన దగ్గరే వెతుక్కుంటున్నాడు. నేనెదురుగా కూర్చుని ఉన్నాను, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని. నోరు తెరిస్తే సరిపోయేది.

"ఏమో అన్నా. కంప్యూటరు అట్టా చెప్తంది" అన్నాను.

"కంప్యూటరు చెప్పిందంటే ఏదో ఉండే ఉంటదిలే" అన్నాడు ఆయన. "నెలాఖరంటే ఎన్నాళ్ళుంది?"

"మూడ్రోజులు."

"మూడ్రోజులకి ముందు ఉత్తరం పంపుతారా ఎవరన్నా! ఆ మాస్టారుకి బుద్ధుందా?"

ఉత్తరం పదకొండు రోజులు నా సంచిలోనే ఉందని చెప్పకుండా మజ్జిగ తాగేశాను.

మూడు రోజుల్లో ఆయనకి డబ్బు దొరకలేదు. పురుగుమందుల కొట్లో అప్పటికే అప్పుంది, ఇంకెవరిస్తారు? నెల దాటిన ఐదో రోజున ఆఫీసుకి వచ్చాడు. కండువా మూటలో ఐదువేల ఐదువందలు ఉన్నాయి. గేదెని అమ్మేశాడు. సంతలో బేరం ఆడటానికి టైము లేదని, అడిగినంతకి ఇచ్చేశానని చెప్పాడు. నేను డబ్బు లెక్కపెట్టి రసీదు రాశాను. ఈ చేత్తోనే రాశాను. అమ్మాయి కంప్యూటర్లో ఎక్కించింది. ఆయన పేరు పక్కన ఎరుపు పోయి సున్నా వచ్చింది.

"పూర్తిగా కట్టేశారండి" అని ఆయనతో నవ్వుతూ చెప్పింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

కానీ పేర్ల జాబితా రెండో తారీకునే రాళ్ళు చెక్కేవాళ్ళకి పోయింది. ఆయన వెళ్ళాక నేను మాస్టారు గదిలోకి పోయాను. ఉన్నదంతా చెప్పేశాను. మీటింగులో చెప్పిన రేటు, టిక్కీలని రూపాయలు చెయ్యడం, సంచిలో పెట్టుకు తిరిగిన ఉత్తరం, అన్నీ.

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడా చెప్పేది? మూడేళ్ళు ఏం చేశావయ్యా?"

"భయమేసింది మాస్టారూ."

"ఇప్పుడు నాకు భయం వేస్తోంది. ఆ మొత్తం చూపించే గదా వ్యాపారి డబ్బు తెచ్చాం? టిక్కీల లెక్క తప్పని చెబితే ఆయన ఊరుకుంటాడా?"

"పేరన్నా చెక్కించండి. డబ్బు కూడా కట్టాడు గదండీ."

"రాయి నిండిపోయింది. ఇంకో వరస పట్టదు. రెండో రాయి పెట్టినప్పుడు చూద్దాం. ఈ సంగతి ఇంకెక్కడా అనబాక."

ఆయన కట్టిన ఐదువేల ఐదువందలు తిరిగివ్వాలన్న మాట మాస్టారు అనలేదు. నేనూ అడగలేదు.

వార్డు తెరిచిన రోజు షామియానా వేశారు, మైకు పెట్టారు. ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. అందరూ వ్యాపారి గారి ఉపన్యాసం వింటుంటే ఆయన రాయి ముందు నిలబడ్డాడు. అక్షరాలు రావు గనక పై నుంచి కింద దాకా ఊరికే చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"ఏది తమ్ముడూ, యాడుంది? ఈ పిల్లకి చూపిద్దామని తెచ్చా."

ఏదో ఒక పేరు చూపించి ఇదే అంటే ఆయనకి తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చింది, దాచను. వేలు కూడా సగం లేచింది. ఆ పిల్ల నా వేలు వైపే చూస్తోంది. దించేశాను.

"లేదన్నా" అన్నాను.

పక్కకి తీసుకుపోయి నీళ్ళ డ్రమ్ము దగ్గర అంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక అడిగాడు.

"అయితే నా టిక్కీల్లో తూకం తగ్గలేదు?"

"లేదన్నా."

"నేను బాకీ లేను."

"లేవు."

"ఉత్తరం చదివిన నాడే నీకు తెలుసు."

"తెలుసు."

"మా ఇంట్లో కూకుని, మా గేదె మజ్జిగ తాగుతా కూడా చెప్పలేదు నువ్వు." కేకలేస్తాడేమో అనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. కొడితే బాగుండేది. పిల్లని ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "పోనీ ఆ కంప్యూటర్లో అన్నా ఉందా, దాని పేరు?"

ఆఫీసుకి తీసుకుపోయాను. అమ్మాయి తెర ఆయన వైపు తిప్పి చూపించింది. ఆయన పేరు కింద చిన్న గడిలో ఎవరి జ్ఞాపకార్థం అన్న చోట కూతురి పేరు ఉంది. ఆయన వంగి చూశాడు.

"ఇది తెలుగేనా అమ్మా?"

"ఇంగ్లీషండి. ఇందులో తెలుగు రాదు."

ఆయన ఆ పేరు ఉన్న చోటు వేలితో మనవరాలికి చూపించాడు. పిల్ల తెరని తాకబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. కాగితం మీద కొట్టివ్వనా అని అమ్మాయి అడిగితే వద్దన్నాడు. గుమ్మం దాటేటప్పుడు నా వైపు చూడలేదు.

వార్డు బాగానే నడుస్తోంది. ఇప్పుడు మా ఊళ్ళ ఆడవాళ్ళు కాన్పులకి గుంటూరు పోవడం తగ్గింది. దాని గురించి నేను తప్పుగా చెప్పకూడదు. రెండో రాయి మాత్రం పెట్టలేదు. ఒకటి రెండుసార్లు మాస్టారుకి గుర్తుచేశాను. నిధులు లేవన్నాడు. తర్వాత ఆయన కార్యదర్శి పని నుంచి దిగిపోయాడు.

నేను ఇంకో ఏడాది పనిచేసి మానేశాను. ఆ ఏడాదంతా వసూళ్ళకి ఊళ్ళు తిరిగాను. ఎవరింటికి పోవాలో కంప్యూటరే కాగితం కొట్టి ఇచ్చేది. బాకీ ఉన్నవాళ్ళ పేర్లే అందులో వచ్చేవి. ఆయన పేరు పక్కన సున్నా ఉంది కాబట్టి ఆ కాగితంలో ఆయన ఇల్లు ఎప్పుడూ రాలేదు. ఆ వీధి దాకా పోయి కూడా, కాగితంలో లేదు గదా అని, వెనక్కి తిరిగి వచ్చేసేవాణ్ణి.